గుణముఖ అని రాసిన గురువారం

నా సర్వీసులో ఇరవై ఏడేళ్లు మలేరియా రక్తపు చుక్కలు తీశాను. ఇంటింటికీ తిరగడం, జ్వరం ఉన్నవాళ్ల వేలికి సూది గుచ్చడం, గాజు పలక మీద చుక్క పూసి ల్యాబుకు పంపడం. ఆ పనిలో ఒక సుఖం ఉంది. మనిషికి జబ్బు ఉందో లేదో గాజు పలకే చెప్తుంది, నేను చెప్పనక్కర్లేదు. చివరి అయిదేళ్లు మాత్రం నన్ను మనసు బాగులేనివాళ్ల గదిలో కూచోబెట్టారు. అక్కడ గాజు పలక లేదు. ఎదురుగా మనిషి, మధ్యలో బల్ల, ఇవతల నేను.

ఇప్పుడు అలాంటి గదుల్లో పనికి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ కనిపించి, ఎంతమందిని బాగుచేశారు సార్ అని అడుగుతుంటారు. బాగైనవాళ్ల గురించి నాకు పెద్దగా తెలియదు. బాగైనవాళ్లు మళ్లీ రారు, దారిలో ఎదురైనా తల వంచుకుని పోతారు. నాకు బాగా తెలిసింది నేను తప్పు చేసిన ఒక మనిషి సంగతి. అది చెప్తాను. పేర్లు చెప్పను. ఆసుపత్రి పేరు కూడా వద్దు. ఊరు కర్ణాటకలో, పావగడ తాలూకాలో, క్యాతగానచెర్లు చుట్టుపక్కల, సోలార్ పార్కు కంచెకు ఆనుకుని ఉన్న ఊళ్లలో ఒకటి అనుకోండి.

ఆ గదికి నన్నే ఎందుకు ఎన్నుకున్నారో ముందు చెప్పాలి. నాకు ఓపిక ఎక్కువని కాదు, చదువు ఎక్కువని అసలే కాదు. బెంగళూరులో మూడు నెలల శిక్షణ అన్నారు. మిగతావాళ్లకు పిల్లల పరీక్షలో, ఇంట్లో ముసలివాళ్లో ఉన్నారు. మా పెద్ద డాక్టరు నా వైపు చూసి, నీకు ఇంట్లో ఎవరూ లేరు కదా, నువ్వే పోయిరా అన్నాడు. ఆయన మాటలో చెడు లేదు. నిజమే చెప్పాడు. నా భార్య పోయి అప్పటికి రెండేళ్లు. మాకు పిల్లలు లేరు. పావగడ బజారులో ఒక శెట్టిగారి అంగడి పైన రెండు గదుల్లో ఉండేవాణ్ణి.

శిక్షణలో ఒక పద్ధతి ఉండేది. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూచోబెట్టి, ఒకరిని రోగిగా, ఒకరిని వినేవాడిగా నటించమనేవాళ్లు. ఒకరోజు నాకు వచ్చిన చీటీలో 'భార్య చనిపోయిన మనిషి' అని ఉంది. నటించాను. అందరూ చప్పట్లు కొట్టారు. శిక్షకురాలు, చూడండి, ఇంత సహజంగా చేయాలి అని మిగతావాళ్లకు చెప్పింది. నేను నా చోటికి వెళ్లి కూచుని నోట్సు రాసుకున్నాను. ఆమె నేర్పినవి మంచి సంగతులే. సలహా ఇవ్వొద్దు, ముందు విను. చావాలనిపిస్తోందా అని అడగడానికి భయపడొద్దు, అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, లోపలున్నది బయటికొస్తుంది. మందులు అవసరమైనవాళ్లను డాక్టరు దగ్గరికి పంపు. మాటలు అవసరమైనవాళ్లతో మాట్లాడు. చాలామందికి రెండూ కావాలి. ఇదంతా చక్కటి చేతిరాతతో రాసుకొచ్చాను.

తిరిగొచ్చాక గది ఇచ్చారు. ప్రతి గురువారం ఆ గదిలో నేను ఉండేవాణ్ణి. నెలకొకసారి జిల్లా నుంచి డాక్టరమ్మ వచ్చేది. గది బయట కన్నడంలో బోర్డు, గోడమీద 'ఖిన్నతె' గురించి పెద్ద పోస్టరు. దిగులు జబ్బుకు అది కన్నడ మాట. మా దగ్గరికొచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు. ఒక ముసలమ్మ ఆ పోస్టరు మీది ఆడమనిషి బొమ్మ చూపించి, ఖిన్నతె మేడం యాపొద్దు వస్తాది సార్ అని అడిగింది. మావాళ్లు దిగులు అని కూడా అనరు. ఎదలో మంట అంటారు, తలకాయి బరువు అంటారు, పొద్దు పోదు అంటారు. నా దగ్గర ఉన్న ప్రశ్నల పత్రంలో మంటా లేదు, బరువూ లేదు.

ఇంకొక సంగతి. మా గది ముందు బెంచీ మీద ఎవరూ కూచునేవాళ్లు కాదు. ఎదురుగా కంటి పరీక్షల గది ఉండేది. మా వాళ్లందరూ ఆ గది బెంచీ మీద కళ్లు చూపించుకోవడానికి వచ్చినట్టు కూచుని, నేను తల బయటపెట్టి సైగ చేస్తే, అటూఇటూ చూసి చటుక్కున ఇవతలికి వచ్చేవాళ్లు. కంటి గదిలోని సిస్టరు అర్థం చేసుకుని ఏమీ అనేది కాదు.

నేను చెప్తున్న మనిషి కూడా ఆ బెంచీ మీదినుంచే వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. నాకంటే రెండేళ్లు పెద్దేమో. పొడుగ్గా, ఎండకు నల్లబడి, భుజం మీద కంబళితో ఉండేవాడు. తాతల నాటినుంచీ గొర్లు కాసిన ఇల్లు, తండ్రి కాలంలో శెనక్కాయ సేద్యంలోకి వచ్చారు. వానల్లేక నేల బీడుపడ్డ ఏళ్లలో సోలార్ వచ్చింది. ఊరందరితో పాటు ఆయనా భూమి గుత్తకిచ్చాడు. ఆ సంగతిలో ఆయనకు ఏ ఫిర్యాదూ లేదు. ఆడ పండింది ఏముండాది సార్, ఇప్పుడన్నా కడుపుకు తింటాండాం అని ఆయనే నాతో అన్నాడు. పోయింది భూమి కాదు ఆయనకు, పొద్దు. కంచె పడ్డాక మేపు లేక గొర్లు అమ్మేశారు. భార్యకు ప్యానెళ్లు కడిగే పని దొరికింది. తెల్లవారుతూనే చీపురు, బకెట్టు ముఠాతో వెళ్లిపోయేది. కాపలా పనికి చదువొచ్చిన పడుచువాళ్లను తీసుకున్నారు. కూతురు పెళ్లయి మడకశిర దగ్గర అత్తగారింట ఉంది. ఈయనకు తెల్లారినప్పటి నుంచి సాయంత్రం దాకా ఇంట్లో పలకరించే మనిషి లేడు, అదిలించే గొర్రె లేదు.

ఎదలో మంట అని మూడుసార్లు ఆసుపత్రికి వచ్చాడు. గుండె పరీక్షలన్నీ చేశారు. ఏమీ లేదన్నారు. ఏమీ లేదంటే మంట ఎందుకుండాది అని ఆయన అడిగితే, నా దగ్గరికి పంపారు.

మొదటి గురువారం నేను గంటసేపు మాట్లాడాను. ఆయన కాదు, నేను. ఊపిరి ఎలా పీల్చాలో, ఎలా వదలాలో, మనసు కూడా శరీరంలాంటిదేనని, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదని. ఆయన తలూపాడు. నేను చూస్తున్నంతసేపు ఊపిరి పీల్చి వదిలాడు. ప్రశ్నల పత్రం తీసి ఒక్కొక్కటే తెలుగులో అడిగాను. చివరి ప్రశ్న చావు గురించినది. దాని దగ్గరికి వచ్చేసరికి నాకు నోరు రాలేదు. పెద్దమనిషి, నాకంటే వయసులో పెద్ద, మొదటిసారి వచ్చాడు, ఎట్లా అడగడం అనుకుని, అలాంటి ఆలోచనలేమీ లేవు కదన్నా అన్నాను. లేవు అన్నాడు. అలా అడిగితే ఎవరైనా అదే చెప్తారు. 'లేదు' అన్న చోట గుర్తు పెట్టాను.

రెండో వారం, పుస్తకంలో చెప్పిన ఇంకో పద్ధతి పట్టుకున్నాను. దిగులులో ఉన్న మనిషి ఏ పనీ చేయకుండా ఉండిపోతాడు, చేయకపోయేకొద్దీ దిగులు పెరుగుతుంది, అందుకని ఇష్టమైన పని ఒకటి రోజూ ఒక వేళకు చేయించాలి. మంచి పద్ధతి. ఇప్పటికీ మంచిదే అంటాను. నీకు ఇష్టమైన పని ఏదన్నా అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, గొర్లెంబడి నడిచేది అన్నాడు. నాకు సంతోషమేసింది. గొర్లు లేకపోతే పోయె, నడక ఉంది కదా. కాగితం తీసుకుని 'రోజూ ఉదయం గంటసేపు నడక' అని కన్నడంలో రాసి, కింద మా గది ముద్ర వేసి ఇచ్చాను. ముద్ర ఎందుకు వేశానంటే, ఇరవై ఏడేళ్లలో నా చేతినుంచి ముద్ర లేని కాగితం ఒక్కటీ బయటికి పోలేదు. అలవాటు. నడువు అన్నానే కానీ, ఎక్కడ నడుస్తావన్నా అని అడగలేదు.

తర్వాతి రెండు వారాలు వచ్చాడు. నడుస్తాండా సార్ అన్నాడు. మొహం కొంచెం తేటగా ఉందనిపించింది. అయిదో వారం రాలేదు. ఆరో వారం రాలేదు. ఏడో వారం నెలాఖరు గురువారం. రిపోర్టు పంపాలి. అందులో మూడు గళ్లు: చికిత్స కొనసాగుతోంది, మధ్యలో మానేశారు, గుణముఖ. గుణముఖ అంటే బాగైపోయారని. మానేశారని రాస్తే ఇంటికి వెళ్లి కారణం కనుక్కుని ఇంకో ఫారం నింపాలి. బయట ఎండ మండిపోతోంది. ఆయన మొహం తేటపడడం నేను చూశాను కదా అనుకున్నాను. గుణముఖ అని రాశాను. సోమరితనంతో రాశానని చెప్తే సగమే నిజం. మిగతా సగం, నేను అది నమ్మాను. ఒక్క మనిషైనా నావల్ల బాగుపడ్డాడని నమ్మాలని నాకు చాలా అవసరంగా ఉండింది. డాక్టరమ్మ వచ్చినప్పుడు రిజిస్టరు తిరగేసి, బాగుందే అంది. ఆ రోజు ఇంటికి పోతూ హోటల్లో కూచుని ఒక స్వీటు తిన్నాను.

ఇంకో మూడు వారాలకు ఆశా కార్యకర్తల నెలసరి మీటింగు జరిగింది. ఆ ఊరి ఆశా నలభై ఏళ్ల మనిషి. ఊళ్లో ఎవరింట్లో ఏ కూర వండారో కూడా తెలిసిన మనిషి. మీటింగు అయ్యాక నడవాలో నిలబడి ఆమె బాలింతల సంగతులు చెప్తుంటే, ఆయన ఎట్లున్నాడమ్మా అని మాటవరసకు అడిగాను. ఎవురు, ఆయప్పా అని గొంతు తగ్గించింది. ఇల్లు వదిలి బయటికే రాడంట సార్ అంది. తర్వాత ఏదో మంచిమాట కలపాలనేమో, "గుణం మాత్రం బంగారం సార్. పోయినవారం అన్నకొడుకును ఇంటికి పిలిచి కంబళి ఇచ్చేసినాడు. పెట్టెలో కాగితాలు యాడుండాయో అన్నీ పెండ్లానికి చూపిచ్చినాడంట" అంది.

ఆ శిక్షణలో నేను రాసుకున్న నోట్సు కళ్ల ముందుకొచ్చింది. చావడానికి సిద్ధపడ్డ మనిషి గుర్తులు: సొంత వస్తువులు పంచిపెట్టడం, ఇంటి వ్యవహారాలు సర్దిపెట్టడం. ఎర్ర సిరాతో కింద గీత కూడా గీసుకున్నాను. ఆమెకు ఇవన్నీ ఎవరూ నేర్పలేదు. నేర్పాల్సింది నేను. స్కూటరు తీశాను. ఎక్కమ్మా, పోతూ చెప్తాను అన్నాను.

దారంతా రెండువైపులా ప్యానెళ్లే. ఒకప్పుడు అదే దారిలో శెనక్కాయ చేలు చూసుకుంటూ మలేరియా డ్యూటీకి పోయినవాణ్ణి. మనిషి అలికిడి లేదు. ఎక్కడో దూరంగా నీళ్ల ట్యాంకరు నిలబడి, ఆడవాళ్లు వరసగా తుడుస్తున్నారు. వాళ్లలో ఈయన భార్య కూడా ఉంటుందని ఆశా అంటే, ముందు అక్కడ ఆగి ఆమెతో ఒక మాట చెప్పి, పని కాగానే తిన్నగా ఇంటికి రమ్మన్నాం. ఎందుకని ఆమె అడగలేదు. ఆ క్షణమే బకెట్టు దించి, పక్కామెకు చెప్పి, మా వెనకే నడిచి బయల్దేరింది. ఆమెకు కొన్నాళ్లుగా తెలుసనుకుంటాను. ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు, అంతే.

ఆయన ఇంటి వెనక గొర్ల దొడ్డిలో ఉన్నాడు. మూడేళ్లుగా ఒక్క గొర్రె లేని దొడ్డి. దాన్ని నున్నగా ఊడ్చి పెట్టాడు. చీపురు పక్కన పెట్టుకుని గోడకు ఆనుకుని కూచున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. వద్దని నేనే కింద కూచున్నాను. ఆశా వాకిట్లో ఉండిపోయింది.

రాలేదేమన్నా అన్నాను.

"బాగైపోయినా కదా సార్. నువ్వే బుక్కులో రాసుకున్నావంట, ఆశమ్మ లిస్టులో చూసి చెప్పె" అన్నాడు. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. అదే కష్టంగా ఉండింది.

ఆ ఉద్యోగంలో మొదటిసారి నేను నోరు మూసుకుని కూచున్నది ఆరోజే. కొంతసేపటికి ఆయనే చెప్పాడు. నడిచేవాడట, నేను రాసిచ్చినట్టే, రోజూ పొద్దున గంటసేపు. కంచె వెంబడి. అవతల ఆయన చేను ఉన్న చోటు కాబట్టి కాళ్లు అటే పోయేవి. ఆ రోజుల్లో అక్కడ రాగి తీగలు పోతున్నాయని కాపలావాళ్లకు అనుమానంగా ఉందట. రోజూ అదే వేళకు కంచె పొడుగునా తిరిగే మనిషి వాళ్ల కంట పడ్డాడు. ఒకరోజు పట్టుకుని వాళ్ల గదికి తీసుకెళ్లి, మధ్యాహ్నం దాకా కూచోబెట్టారు. ఎందుకు తిరుగుతున్నావంటే చెప్పడానికి ఆయన దగ్గర కారణం లేదు. అప్పుడు జేబులోంచి నేనిచ్చిన కాగితం తీసి చూపించాడు.

"ముద్ర చదివినారు సార్. మానసిక అని ఉండాది కదా. ఒకడు ఇంకొకడికి చూపిచ్చి నగినాడు. పిచ్చోడప్పా, పోనీలే అని వదిలేసినారు. దొంగ అన్నప్పుడు నాకంత సిగ్గు కాలేదు సార్. దొంగ కాదని నాకు తెలుసు కదా."

వదిలేసినవాళ్లలో ఒకడు ఆ ఊరివాడే. సాయంత్రానికి ఊరందరికీ తెలిసిపోయింది. అదీ జరిగింది. నేను వేసిన ముద్ర చేసిన పని. నేను గుణముఖ అని రాసి స్వీటు తినే నాటికి ఆయన తలుపు వేసుకుని కూచుని మూడు వారాలు.

తప్పు నాది అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు, కాదని కాదు, ఇప్పుడా మాట ఎందుకని. అప్పుడు అడిగాను. ఈసారి తిరగేసి అడగలేదు.

"అన్నా, చచ్చిపోవాలనిపిస్తోందా?"

ఆయన ఊడ్చిన నేల వైపు చూశాడు. వాకిట్లో ఆశా పొడి దగ్గు దగ్గింది. "అనిపిస్తాంది" అన్నాడు. తర్వాత, "ఇన్నాళ్లకు అడిగినావు" అన్నాడు.

ఏ రోజు అన్నది కూడా అనుకున్నాడని చెప్పాడు. అది ఎంతో దూరంలో లేదు. నేను ఒక్కొక్కటే అడుగుతూ పోయాను, ఆయన ఒక్కొక్కటే చెప్తూ పోయాడు. చెప్పేకొద్దీ ఆయన భుజాలు కొంచెం కొంచెం కిందికి దిగాయి. ఎంతసేపు కూచున్నామో తెలియదు. చెప్పడం అయిపోయాక నా వైపు చూసి అడిగాడు.

"నీకట్ల ఎప్పుడూ కాలేదా సార్?"

రోగి నీ సంగతి అడిగితే మాట మళ్లించు అని నేర్పారు మాకు. మళ్లించవచ్చు. కానీ అంత నిజం చెప్పిన మనిషి ముందు నాకు అబద్ధం రాలేదు. నా భార్య పోయిన సంగతి చెప్పాను. ఆదివారాలు నేను పావగడ బస్టాండులో కూచునేవాణ్ణని చెప్పాను. కళ్యాణదుర్గం, మడకశిర, హిందూపురం అని కండక్టర్లు అరుస్తుంటే, ఆ జనంలో కూచుంటే పొద్దు గడిచేది. ఎవరైనా యాడికి సార్ అంటే, ఒకాయన రావాలప్పా, ఎదురుచూస్తాండా అనేవాణ్ణి. అలా రెండేళ్లు ఎవరూ రాని మనిషికోసం ఎదురుచూశాను. ఇది అంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ చప్పట్లు కొట్టిన హాల్లో కూడా.

ఆయన విన్నాడు. ఊపిరి పీల్చమనలేదు, సిగ్గుపడొద్దనలేదు, ఇష్టమైన పని చేయమనలేదు. విని, "ఎవురితో చెప్పుకుంటావు సార్ నువ్వు?" అని మాత్రం అడిగాడు. ఆయన భార్య లోపలికి రావడంతో ఆ మాట అక్కడ ఆగిపోయింది.

ఆ తర్వాత పనులు పనుల్లా జరిగాయి. ఆయన ముందే ఆమెకు అంతా చెప్పాను, ఆయన ఒప్పుకున్నాకే. ఆమె ఏడవలేదు. ఆయన పక్కన కూచుని, ఇంత దూరం పోయినావా అంది, అంతే. ఏ ఏ వస్తువులు ఇంట్లోంచి తీసేయాలో ఆశా చూసుకుంది. డాక్టరమ్మకు ఫోను చేశాను. ఆ రోజు ఆయన్ని ఒంటరిగా వదలొద్దని, మర్నాడే జిల్లా ఆసుపత్రికి తీసుకురమ్మని చెప్పింది. కూతురు మడకశిర నుంచి వచ్చేసింది. మర్నాడు పొద్దున అందరం కలిసి వెళ్లాం. పదిరోజులు అక్కడే ఉంచారు. మాత్రలు మొదలుపెట్టారు. మూడు నాలుగు వారాలకు గానీ మాత్రల గుణం కనపడదని, ఈలోగా కాపు కాయాల్సింది మనుషులేనని డాక్టరమ్మ ఇంట్లోవాళ్లకు విడమరిచి చెప్పింది.

నేను దొడ్డిలో ఏం మాట్లాడానో కూడా ఆమెకు దాచకుండా చెప్పాను. చిన్న వయసు మనిషి, నా కూతురి ఈడు ఉంటుంది, కూతురంటూ ఉంటే. కన్నడంలో నెమ్మదిగా అడిగింది, మీరు మాట్లాడింది ఆయన కోసమా, మీ కోసమా అని. నాకు కోపం వచ్చింది. ఆ ఒక్క రాత్రో, ఆ ఒక్క వారమో కాదు, చాలా నెలలు ఆ కోపం ఉండింది. ఆమె అడిగింది తప్పయి ఉంటే అంతకాలం ఉండేది కాదు.

కాపలావాళ్ల పెద్దను కలిసి జరిగింది తప్పని ఒప్పించాలని నాకుండేది. ఆయన వద్దన్నాడు, అందరికీ మళ్లా గుర్తుచేసినట్లయితాది సార్ అని. సరే అన్నాను. నడక దారి మార్చుకున్నాడు, కంచె లేని గుట్ట వైపు. మొదటి కొన్ని రోజులు అన్నకొడుకు వెంట నడిచాడు. కంబళి వాడి భుజం మీదే ఉండేదట, తిరిగి అడగలేదట ఈయన. గురువారాలు తప్పకుండా వచ్చేవాడు. నేను ముద్ర లేని కాగితాలు వాడడం మొదలుపెట్టాను.

ఒక సంగతి మాత్రం నేను చేసింది కాదు. కంటి బెంచీ మీద కూచున్నవాళ్లలో ఎవరు ఎందుకొచ్చారో ఆయన ఇట్టే గుర్తుపట్టేవాడు. ఒకరోజు తల బయటపెట్టి చూస్తే, వల్లూరు నుంచి వచ్చిన ఒకాయనతో, ఇంకో ఇద్దరితో మాట్లాడుతున్నాడు. నేను సైగ చేస్తే, ఉండు సార్ వస్తాం అన్నాడు. తర్వాత తర్వాత ఆ నలుగురూ గురువారం నా గదికి రాకముందు అరగంట ముందే వచ్చి అక్కడ కూచునేవాళ్లు. వానల సంగతి, మోకాళ్ల సంగతి, నిద్ర పట్టని సంగతి. మధ్యలో ఒక్క మాట అసలు సంగతి. ఇలాంటి సమూహాల గురించి మా పుస్తకంలో ఒక అధ్యాయమే ఉంది. వాళ్లు చదవలేదు. నేను వెళ్లి వాళ్లలో కూచోవచ్చు. ఆయన రెండుసార్లు జరిగి చోటిచ్చాడు కూడా. నేను డ్యూటీలో ఉన్నానని నిలబడే మాట్లాడి లోపలికి వచ్చేశాను.

రెండేళ్లకు ఆయన మాత్రలు తగ్గించి ఆపేశారు. రావడం తగ్గించాడు. చివరికి రావడం మానేశాడు. ఈసారి నేను ఊరికి వెళ్లి, కళ్లతో చూసి, ఆయన్నీ భార్యనీ అడిగి వచ్చాకే రిజిస్టరులో రాశాను. ఆరోజు ఆయన ఆరు గొర్లను తోలుకుని గుట్ట వైపు పోతున్నాడు. చెయ్యి ఊపాడు. ఆగలేదు. గొర్లు ఆగవు కదా.

నేను రిటైరయ్యాను. శాలువా కప్పారు, నా గురించి మంచిమాటలు చెప్పారు. మర్నాడు గురువారం. లేచి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాక గుర్తొచ్చింది. ఆ తర్వాత రోజులు ఎలా ఉంటాయో చెప్పడం కష్టం. వారానికి నేను మాట్లాడే మాటలు లెక్కపెట్టగలిగేంత తక్కువయ్యాయి. మెట్లు దిగితే శెట్టిగారి అంగడిలో ఒక పలకరింపు, హోటల్లో ఒకటి. ఆకలి తగ్గింది. నిద్ర మూడింటికే తెగిపోయేది. ఇవేమిటో నాకు తెలియదా? ఆ ప్రశ్నల పత్రం నాకు కంఠతా వచ్చు. ఒకరోజు పెన్సిలుతో నాకు నేనే నింపుకున్నాను. వచ్చిన అంకె చూసి, రబ్బరుతో తుడిచేశాను. అయిదేళ్లు ఊరూరా తిరిగి, సిగ్గుపడొద్దు, వచ్చి చెప్పుకోండి అన్నవాణ్ణి. ఆసుపత్రి గేటు దాకా మూడు గురువారాలు వెళ్లి, మందుల అంగడిలో అనాసిన్ కొనుక్కుని తిరిగొచ్చాను.

పిల్లలకు నేను చెప్పేది ఇదే. గదిలోకి రావడానికి ఆ మనిషి ఎంత దూరం నడిచాడో మీ రిజిస్టరులో ఉండదు. పది కిలోమీటర్ల బస్సు కాదు నేననేది, గేటునుంచి ఆ తలుపు దాకా ఉన్న ముప్పై అడుగులు.

నాలుగో గురువారం లోపలికి వెళ్లాను. చీటీల కౌంటరులో కూచునే గుమాస్తా నాకు పాతికేళ్లుగా తెలుసు. నన్ను చూసి సంతోషపడ్డాడు. ఎవరినో తీసుకొచ్చానని నా వెనక్కి చూశాడు.

"పేషెంటు ఎవురు సార్?"

"నేనే" అన్నాను.

ఆయన పెన్ను ఒక్క క్షణం ఆగింది. తర్వాత నా పేరు రాసి, వయసు అడిగి, చీటీ చింపి ఇచ్చాడు. ఏమీ అనలేదు. ఆ పాతికేళ్లలో ఆయన నాకు చేసిన గొప్ప మర్యాద అదే.

గదిలో కొత్తమ్మాయి ఉంది. ఇరవై ఆరేళ్లుంటాయి. నన్ను చూసి కంగారుగా లేచి నిలబడింది. తన కుర్చీ చూపించి, ఇటు కూచోండి సార్ అంది. వద్దమ్మా అని అవతలి కుర్చీలో కూచున్నాను. కూచున్నాక తెలిసింది, ఎదురుగా కిటికీ, కిటికీలోంచి పొద్దుటి ఎండ సూటిగా నా కళ్లలో. బల్ల అవతలి మనిషి నల్లటి నీడలా కనిపిస్తోంది, మొహం కనిపించడం లేదు. అయిదేళ్లు ఆ గదిలో పనిచేశాను. ఒక్కసారి కూడా ఈ కుర్చీలో కూచోలేదు. ఎంతమంది నా ముందు కళ్లు చికిలించుకుని, నా మొహం చూడలేక, ఎవరితో మాట్లాడుతున్నారో తెలియక, లేవు సార్, ఏమీ లేవు అని చెప్పి వెళ్లిపోయారో.

ఆ అమ్మాయి ఫారం తీసుకుని పెన్ను మూత తీసింది. మొదటి ప్రశ్న అడగబోతూ నావైపు చూసి, చెప్పండి సార్ అంది.

"చెప్తానమ్మా. ముందు ఈ కుర్చీ అటు జరుపుకుందాం" అన్నాను.

ఇద్దరం చెరోవైపు పట్టుకుని జరిపాం. అప్పుడు ఆమె మొహం కనిపించింది. కూచుని, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.